ఇంటి ముంగిట మనోవైద్యము : ఒక పరిశోధనపై విమర్శ

జ్వరము తగ్గినదో లేదో తెలిసికొనుటకు థర్మామీటరు కలదు. విరిగిన ఎముక అతికినదో లేదో ఎక్స్-రే చెప్పును. కాని మనస్సుకు వచ్చిన వ్యాధి తగ్గినదని దేనిని చూచి నిర్ణయింపవలెను?

ఒక యువకుని ఊహించుకొందము. ఎవరును లేని చోట అతనికి మాటలు వినబడుచుండెడివి. ఇరుగుపొరుగువారు తనపై కుట్ర పన్నుచున్నారని నమ్మి, అన్నములో విషము కలిపిరేమోనని తినుట మానెను. ఆసుపత్రిలో మందు లిచ్చిరి. కొన్ని వారములకు ఆ మాటలు ఆగినవి, అనుమానము చల్లారినది. ఇంటికి తిరిగి వచ్చెను. అయితే ఇప్పు డతడు ఉదయము మొదలు సాయంకాలము వరకు వసారాలో గోడకు ఆనుకొని కూర్చుండును. స్నానము చేయుమని తల్లి నాలుగుసార్లు చెప్పవలెను. పాత స్నేహితులు రారు. చేయుచుండిన పని పోయినది. ఇతనికి గుణమైనట్లా, కానట్లా?

వైద్యుడు "గుణమైనది" అనును. తల్లి "ఇంకను లేదు" అనును. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడుటలేదు. వారి కొలబద్దలు వేరు. ఆయన వ్యాధి లక్షణములను కొలుచుచున్నాడు. ఆమె బ్రతుకును కొలుచుచున్నది. ఈ రెండు కొలబద్దలను ఒకేసారి చేతబట్టి మన దేశములో జరిగిన ఒక పెద్ద పరిశోధనను ఈ వ్యాసములో పరీక్షింతము. దాని పేరు కాప్సి. ఫలితములు 2014లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో వెలువడినవి. సుదిప్తో చటర్జీ, ఆర్. తార, విక్రమ్ పటేల్, గ్రహామ్ థార్నిక్రాఫ్ట్ మొదలగువారు దానిని నిర్వహించిరి. ఆ పరిశోధనను మెచ్చుకొన్నవారు కలరు. పెదవి విరిచినవారును కలరు. అంకెలను నెమ్మదిగా చదివినచో ఈ రెండు తీర్పులలో ఏదియు సరిపోదని తెలియగలదు.

వ్యాధి స్వరూపము

ముందుగా వ్యాధిని గూర్చి రెండు మాటలు. 'స్కిజోఫ్రేనియా' అను పేరును 1908లో స్విట్జర్లండు మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ పెట్టెను. 'చీలిన మనస్సు' అని ఆ గ్రీకు పదముల కర్థము. దీనినిబట్టి ఒకే శరీరములో ఇద్దరు మనుష్యులుందురని చాలమంది భ్రమపడుచున్నారు. అది పొరపాటు. ఆలోచన, అనుభూతి, ప్రవర్తన అను వాని మధ్య సహజముగా నుండవలసిన పొందిక చెదరుటయే బ్లాయిలర్ ఉద్దేశించిన చీలిక.

దీని లక్షణములను మూడు తరగతులుగా విభజింపవచ్చును. మొదటిది, లేనివి వచ్చి చేరుట: లేని మాటలు వినబడుట, ఆధారము లేని నమ్మకములు పాతుకొనుట. రెండవది, ఉన్నవి తరిగిపోవుట: ఉత్సాహము, మాట, ముఖములోని భావము, నలుగురితో కలియవలెనను కోరిక సన్నగిల్లును. మూడవది, ఏకాగ్రత, జ్ఞాపకము, పనిని వరుసగా చేయు నేర్పు దెబ్బతినుట. సాధారణముగా యౌవనారంభములో, అనగా పదునేడు, పదునెనిమిదేండ్ల ప్రాయము మొదలు ముప్పదియేండ్ల లోపల, ఇది బయటపడును. ప్రపంచములో సుమారు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇది దయ్యము పట్టుటవలన వచ్చునది కాదు. తల్లిదండ్రుల పెంపకములోని లోపమువలన వచ్చునదియు కాదు. వంశపారంపర్యముగా సంక్రమించు కొన్ని గుణములు, మెదడు పెరుగుదలలోని తేడాలు, పరిసరముల ఒత్తిడి — ఇవన్నియు కలిసి దీనికి దారితీయునని నేటి విజ్ఞానము చెప్పుచున్నది.

మందు చేయగల పని, చేయలేని పని

1952లో పారిస్ నగరమున జాన్ డిలే, పియరీ డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అను మందును మనోరోగులకు వాడి చూచిరి. ఏండ్ల తరబడి అరుపులతో నిండియుండిన ఆసుపత్రి గదులు నిమ్మళించినవి. తరువాత ఇటువంటి మందులు అనేకము వచ్చినవి. ఇవి ముఖ్యముగా మెదడులో డోపమిన్ అను రసాయనము చేయు పనిని అదుపుచేయును. వీనివలన మొదటి తరగతి లక్షణములు చాలవరకు తగ్గును. మందు మధ్యలో మానినవారికి వ్యాధి తిరుగబెట్టుట ఎక్కువ. కనుక మందు అవసరమను విషయములో వివాదము లేదు.

అయితే రెండవ, మూడవ తరగతుల లక్షణములపై ఈ మందుల ప్రభావము స్వల్పము. వినబడెడి మాటలను మాత్ర ఆపగలదు. పోయిన ఉద్యోగమును, దూరమైన స్నేహితుని అది తిరిగి తేలేదు. ఈ లోటును పూరించుటకు చేయు ప్రయత్నములనే మానసిక-సామాజిక చికిత్స అందురు. రోగికిని కుటుంబమునకును వ్యాధిని గూర్చి వివరించుట, మందు క్రమముగా తీసికొనునట్లు తోడ్పడుట, స్నానము, వంట, బజారుపని వంటి దినకృత్యములను మరల అలవాటు చేయుట, చేయగల పనిని వెదకి పెట్టుట — ఇవన్నియు అందులోనివే.

కుటుంబమును చికిత్సలో భాగస్వామిగా చేయుట మన దేశమునకు క్రొత్త కాదు. 1950ల దశకములో అమృతసరము మానసిక చికిత్సాలయమున డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను కూడ రప్పించి, ఆవరణలో గుడారములు వేయించి, రోగులతోపాటు ఉండనిచ్చెను. ఆ కాలములో ఒకసారి ఆసుపత్రిలో చేర్చిన రోగిని ఇంటివారు మరచిపోవుట సామాన్యము. ఈ పద్ధతిలో కొన్ని వారములు దగ్గరనుండి చూచిన బంధువులు రోగిని వెంటబెట్టుకొని ఇంటికి మరలిరి.

ఇంటి వాతావరణమునకును వ్యాధి తిరుగబెట్టుటకును సంబంధము కలదని లండనులో జార్జి బ్రౌన్, అతని సహచరులు 1972లో అంకెలతో చూపిరి. ఎడతెగని విమర్శ, చీదరింపు, లేక మితిమీరిన ఆందోళన గల ఇండ్లకు మరలిన రోగులలో 58 శాతము మందికి తొమ్మిది నెలలలో వ్యాధి తిరుగబెట్టెను. అట్టివి తక్కువగా నున్న ఇండ్లలో 16 శాతము మందికే తిరుగబెట్టెను. దీనిని ఇంటివారి నేరముగా చదువరాదు. అలసిపోయి, కారణము తెలియక, సాయము చేయువారు లేక ఉన్న కుటుంబము విసుగుకొనుట సహజము. వారికి తెలియజెప్పి తోడు నిలిచినచో రోగికి మేలు కలుగునన్నదే ఇందలి పాఠము.

దూరమను అడ్డంకి

తోడు నిలుచువా రెవరు? మనోవైద్యులు మన దేశ జనాభాకు మిక్కిలి తక్కువ. ఉన్నవారిలోను ఎక్కువమంది నగరములలో నుందురు. పల్లెనుండి రోగిని తీసికొని వచ్చుటకు ఒక దినపు కూలి, ఇద్దరి బస్సు ఖర్చులు పోవును. రెండు, మూడుసార్లు వచ్చినవారు నాలుగవసారి రారు.

ఈ చిక్కును విప్పుటకు 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ఏర్పడెను. దానికి నమూనాగా బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ బళ్లారి జిల్లాను ఎన్నుకొని, 1985 మొదలు 1990 వరకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు, సిబ్బందికి మనోవైద్యములో శిక్షణ నిచ్చి పనిచేయించెను. కన్నడముతోపాటు తెలుగు మాటలాడు కుటుంబములు విస్తారముగా గల ఆ జిల్లా అనుభవము ఆధారముగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ప్రారంభమైనది. దీనివలన మందు రోగికి దగ్గరయ్యెను. కాని మానసిక-సామాజిక చికిత్సకు తీరిక గల మనుష్యులు కావలెను. రద్దీగల ఆరోగ్య కేంద్రములో వైద్యునికి ఆ తీరిక యుండదు.

అప్పుడు పుట్టిన ఆలోచన యిది: వైద్యవిద్య లేకున్నను ఓర్పు, మాటనేర్పు గల స్థానికునికి శిక్షణ నిచ్చి రోగి ఇంటికి పంపినచో? మధ్యప్రదేశ్‌లోని బర్వానీ ప్రాంతమున ఇట్టి ప్రయత్నము జరిగినది. దాని ఫలితములను 2003లో ప్రకటించిరి. 207 మంది రోగులలో 127 మందికి ఊరిలోనే సేవ లభించెను. 80 మంది ఆసుపత్రికి వచ్చిపోవుచు చికిత్స పొందిరి. మొదటివారిలో 63 శాతము, రెండవవారిలో 46 శాతము చికిత్సను పూర్తిగా పాటించిరి. ఫలితము ఆశాజనకమే. కాని రోగులను చీట్లు వేసి విభజింపలేదు. రెండు గుంపులు మొదటినుండియు వేరువేరు స్థితులలో నుండినచో, తేడా చికిత్సవలన వచ్చినదా, ఆ స్థితులవలన వచ్చినదా అని తేల్చుట కష్టము. కాప్సి పరిశోధన ఈ సందేహమును తీర్చుటకు పూనుకొనెను.

పరీక్ష జరిగిన తీరు

తమిళనాడులోని గ్రామీణ ప్రాంతము, మహారాష్ట్రలోని సతారా, గోవా — ఈ మూడు చోట్ల 2009, 2010 సంవత్సరములలో 16 మొదలు 60 ఏండ్ల వయస్సుగల 282 మంది స్కిజోఫ్రేనియా రోగులను చేర్చుకొనిరి. కంప్యూటరు వేసిన చీట్లనుబట్టి 187 మంది ఒక గుంపులోను, 95 మంది మరియొక గుంపులోను పడిరి. రెండు గుంపులవారికిని మనోవైద్యుని చికిత్స, మందులు లభించెను. మొదటి గుంపువారికి అదనముగా శిక్షణ పొందిన సామాన్య కార్యకర్త ఇంటికి వచ్చి, పైన చెప్పిన పనులన్నియు చేసెను. అతనిపై పర్యవేక్షకులుండిరి. పండ్రెండు నెలలు ముగియునప్పటికి 253 మంది, అనగా నూటికి 90 మంది, పరీక్షకు దొరికిరి. ఇటువంటి వ్యాధిలో ఇంతమందిని సంవత్సరము పొడుగునను నిలుపుకొనుట చిన్న విషయము కాదు.

ఫలితములను కొలిచినవారికి ఏ రోగి ఏ గుంపులోనివాడో చెప్పలేదు. ఉపాధ్యాయులకు ఈ పద్ధతి పరిచితమే. పబ్లిక్ పరీక్షలలో జవాబు పత్రముపై విద్యార్థి పేరు దిద్దువానికి తెలియనీయరు గదా! ఇదియు అట్టిదే. అభిమానము అంకెలలోనికి జొరబడకుండుటకు ఇది కట్టిన గట్టు.

కొలబద్దలు రెండు. మొదటిది 'పాన్స్'. ఇందులో 30 అంశములు కలవు. ఒక్కొక్క దానికి 1 మొదలు 7 వరకు వేయుదురు. కనుక మొత్తము 30కి తగ్గదు, 210కి మించదు. అంకె ఎక్కువైన కొలది లక్షణముల తీవ్రత ఎక్కువ. ఇది మన కథలోని వైద్యుని కొలబద్ద. రెండవది 'ఐడియాస్'. దీనిని భారత మనోవైద్యులే మన జీవన పరిస్థితులకు తగినట్లు రూపొందించిరి. తన పనులు తాను చేసికొనుట, ఇతరులతో మెలగుట, మాటలాడుట-గ్రహించుట, వృత్తి లేక ఇంటిపని చేయుట — ఈ నాలుగింటిలో ఒక్కొక్కదానియందు అశక్తత ఎంతయో 0 మొదలు 4 వరకు వేయుదురు. ఇది తల్లి కొలబద్ద.

అంకె లేమి చెప్పినవి?

సంవత్సరాంతమున మొదటి గుంపువారి పాన్స్ అంకె రెండవ గుంపువారికంటె సగటున 3.75 తక్కువగా నుండెను. ఇది వినుటకు బాగున్నది. కాని అసలు తేడా ఇంతే అని ఒక్క పరీక్షతో ఖాయముగా చెప్పలేము. అందుచేత గణితజ్ఞులు అది ఏ హద్దుల మధ్య ఉండవచ్చునో లెక్కింతురు. ఇక్కడ ఆ హద్దులు 7.92 తగ్గుదల మొదలు 0.42 పెరుగుదల వరకు ఉన్నవి. అనగా సున్న ఆ హద్దులలోనే ఉన్నది. తేడా ఏమియు లేకపోవుటకును అవకాశము మిగిలి యున్నది. మరియొక విధముగా చెప్పవలెనన్న, ఈ సేవకు నిజముగా ప్రభావమే లేకున్నను, కేవలము చీట్ల అదృష్టమువలన ఇంత తేడా నూటికి ఎనిమిది పరీక్షలలో రావచ్చును. శాస్త్రజ్ఞులు సాధారణముగా నూటికి ఐదు మించకూడదందురు. కనుక వైద్యుని కొలబద్దపై ఫలితము గీత దాటలేదు.

తల్లి కొలబద్దపై దాటినది. ఐడియాస్ అంకె మొదటి గుంపులో 0.95 అధికముగా తగ్గెను. హద్దులు 1.68 తగ్గుదల, 0.23 తగ్గుదల. రెండును సున్నకు ఒకే వైపున ఉన్నవి. చీట్ల అదృష్టమువలన ఇట్లు జరుగు అవకాశము నూటికి ఒకటి.

ఇంకొక లెక్కయు చూడవలెను. లక్షణములు 20 శాతము కంటె ఎక్కువగా తగ్గిన వారెందరు? మొదటి గుంపులో 51 శాతము. రెండవ గుంపులోను 51 శాతమే! అశక్తత అంత తగ్గినవారు మొదట 48 శాతము, రెండవ గుంపులో 35 శాతము. ఇందులోను నిశ్చితమైన తేడా కలదని పరిశోధకులు చెప్పలేదు. సగటులో తేడా చూపిన అశక్తత కొలబద్ద ఈ లెక్కలో ఎందుకు గట్టిగా పలుకలేదు? దీనికి తరగతి గదిలోనే సమాధానము కలదు. రెండు సెక్షన్లలో ఉత్తీర్ణులైనవారి శాతము సమానముగా నుండియు, సగటు మార్కులు వేరుగా నుండవచ్చును. 'పాసు, ఫెయిలు' అను గీత గీసినప్పుడు గీతకు ఇరువైపుల జరిగిన చిన్న మార్పులన్నియు లెక్కనుండి జారిపోవును. కాని ఈ సమాధానము తృప్తి నిచ్చునంత వరకే చెప్పికొని ఊరకుండరాదు. ఈ సేవవలన రోగులలో హఠాత్తుగా గొప్ప మార్పు రాలేదని కూడ ఆ అంకె చెప్పుచున్నది.

విమర్శకు లోనగు అంశములు

మొదటిది: మూడు చోట్ల ఫలితము ఒకటి కాదు. తమిళనాడు గ్రామీణ ప్రాంతములో లక్షణముల తేడా 9.29 వరకు ఉండెను. అక్కడి మేలు నిస్సందేహముగా గీత దాటినది. మొత్తముపై కనబడు మేలులో పెద్ద పాలు ఒక్క చోటునుండి వచ్చినదన్నమాట. అక్కడనే ఎందుకు? ఆ పల్లెలలో ఇతర సేవలు అరుదు. ఎండిన నేలపై ఒక కుండ నీరు కనబడినట్లు, తడినేలపై కనబడదు. ఈ వివరణ సమంజసమే. అయినను పరీక్ష ముగిసిన తరువాత మొత్తమును ముక్కలుచేసి, బాగున్న ముక్కను చూపుటలో ఎల్లప్పుడు ఒక ప్రమాదము కలదు. పరిశోధనను ఎన్ని ముక్కలు చేసినను ఏదో ఒక ముక్క అదృష్టవశమున మెరయగలదు. కనుక దీనిని ఋజువుగా గాక, మరల పరీక్షింపదగిన మంచి ఊహగా గ్రహింపవలెను.

రెండవది: కార్యకర్త చేసిన పనులు అనేకము. మందు జ్ఞాపకము చేయుటవలన మేలు కలిగినదా, పని చూపుటవలనా, లేక ఒక మనిషి ఇంటికి వచ్చి పేరుపెట్టి పలుకరించుటవలనా? ఈ పరీక్ష చెప్పలేదు. కషాయము పనిచేసినదని తెలిసినది; అందులో ఏ మూలిక పనిచేసినదో తెలియలేదు. ప్రభుత్వము దీనిని అమలుపరుపదలచినచో, ఖర్చు తగ్గించుటకై ఏదో ఒక భాగమును తీసివేయక తప్పదు. దేనిని తీసివేయరాదో తెలియకపోవుట పెద్ద లోటు.

మూడవది: కొలుచువారికి గుంపు తెలియకున్నను, జవాబు చెప్పు కుటుంబమునకు తెలియును. కార్యకర్త ఇంటికి వచ్చుచున్నాడో లేదో వారినుండి దాచుట అసాధ్యము. అశక్తతను గూర్చిన ప్రశ్నలకు ఇంటివారి మాటయే ముఖ్యాధారము. శ్రమపడి వచ్చిన మనిషిపై కృతజ్ఞతతో "ఇప్పుడు కొంచెము నయమే" అను మాట వారి నోట వచ్చుట సహజము. ఇది పరిశోధకుల తప్పు కాదు; మాత్రకు బదులు మాటతో చేయు ప్రతి చికిత్సకును ఉన్న ఇబ్బందియే. కాని తల్లి కొలబద్దపై వచ్చిన 0.95ను చదువునపుడు దీనిని మనస్సులో నుంచుకొనవలెను.

నాలుగవది, అన్నిటికంటె బరువైనది: పండ్రెండు నెలలు. ఈ వ్యాధి ఇరువదియేండ్ల వయస్సులో మొదలై దశాబ్దములు నడచును. సంవత్సరముపాటు ఇంటికి వచ్చిన మనిషి ఆగిపోయినచో ఏమగును? చేయి విడిచిన తరువాత కూడ నడచునా, లేక మరల వసారాలోని గోడకు చేరునా? సంవత్సరము మాత్రమే కొలిచిన పరీక్షను ఈ ప్రశ్న అడిగి ప్రయోజనము లేదు. కాని ఆ సేవను దేశమంతట పెట్టదలచినవారు దీనికి సమాధానము చెప్పక తప్పదు.

న్యాయము చెప్పవలెనన్న ఒక మాట పరిశోధనకు అనుకూలముగను చెప్పవలెను. రెండవ గుంపువారు నిరాదరణకు గురియైనవారు కారు. మనోవైద్యుని చికిత్స వారికి క్రమముగా లభించెను. మన పల్లెలలో ఎందరు రోగులకు ఆ భాగ్యము కలదు? మంచి చికిత్సతో పోల్చినప్పుడే తేడా చిన్నదిగా కనబడినది. ఏ చికిత్సయు లేని స్థితితో పోల్చినచో అది మరింత పెద్దదిగా నుండుట సంభవమే. అయితే ఆ పోలిక ఇక్కడ జరుగలేదు గనుక ఆ అంకెను మనము ఊహించి వ్రాసికొనరాదు.

తీర్పు

పరిశోధకులు తమ ముగింపులో ఈ సేవ ఆసుపత్రి చికిత్సకంటె 'కొద్దిగా' మేలైనదని, ముఖ్యముగా గ్రామముల వలె సేవలు కొరతగా నున్నచోట్ల తొలి సేవగా పనికివచ్చునని వ్రాసిరి. వారు అతిశయోక్తి పలుకలేదు. అతిశయోక్తి పలుకువారు తరువాత వచ్చిరి. "మనోవైద్యులు అక్కరలేదు, ఊరివారు చాలును" అనువారికి ఈ పరీక్షలో ఆధారము లేదు; ఇక్కడ కార్యకర్త వైద్యునికి తోడుగా పనిచేసెనేగాని బదులుగా పనిచేయలేదు. "పాన్స్ గీత దాటలేదు గనుక ఇది వృథా" అనువారికిని ఆధారము లేదు. వారు రోగి బ్రతుకును కొలిచిన రెండవ కొలబద్దను ప్రక్కకు నెట్టుచున్నారు.

ఇక ఖర్చు మాట. సామాన్య కార్యకర్త అనగానే చౌక అని పాలకులకు తోచును. ఇప్పటికే గర్భిణులు, శిశువులు, టీకాలు మొదలగు పనులతో ఊపిరి సలుపని ఆశా కార్యకర్త నెత్తిన దీనినికూడ పెట్టిన సరిపోవునని తలచుట సులభము. కాని ఈ పరీక్షలో ఫలితము నిచ్చినది తీరికతో, శిక్షణతో, పర్యవేక్షణతో చేసిన పని. ఆ మూడింటిని తీసివేసి పేరు మాత్రము నిలిపినచో, ఫలితము నిలుచునని ఈ పరిశోధన హామీ ఈయలేదు. తగిన జీతము, పైన అనుభవజ్ఞుడు, అవసరమైనప్పుడు మనోవైద్యుడు — ఇవి ఆ సేవలోని భాగములే గాని ఆభరణములు కావు.

చట్టము మాత్రము ముందుకు నడచినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018లో అమలులోనికి వచ్చి, ప్రభుత్వ సేవలలో మానసిక చికిత్స పొందుట ప్రతి వ్యక్తికి గల హక్కు అని ప్రకటించెను. పునరావాస సేవలను, సమాజములోనే యుండి పొందదగిన సేవలను కూడ అందులో చేర్చెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మానసిక వ్యాధివలన కలుగు అశక్తతను గుర్తించెను. కాగితముపై తల్లి కొలబద్దకు చోటు దొరికినది. దానిని పల్లెకు చేర్చు మనుష్యులు ఇంకను చాలినంత లేరు.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ వ్యాధి తలయెత్తు వయస్సు పాఠశాల చివరి తరగతులకు, కళాశాలకు దగ్గర వయస్సు. చురుకైన విద్యార్థి నెలల తరబడి క్రమముగా స్నేహితులకు దూరమగుట, చదువులో కారణము తెలియకుండ వెనుకబడుట, శుభ్రత మరచుట, ఎవరో తన్ను గమనించుచున్నారని భయపడుట — ఇవి కనబడినప్పుడు మందలించుటకంటె ముందు అడిగి తెలిసికొనుట మేలు. ఈ గుర్తులు కనబడిన ప్రతి వానికిని ఈ వ్యాధియే యున్నదనుకొనరాదు. పరీక్షల భయము, ఇంటి కష్టములు కూడ ఇట్లే కనబడవచ్చును. నిర్ణయించుట వైద్యుని పని. ఆయనవద్దకు ఆలస్యము లేకుండ చేర్చుట మన పని. చికిత్స త్వరగా మొదలైనచో ఫలితము మెరుగని అనుభవము. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ అను ఉచిత దూరవాణి సేవకు 14416 అను నంబరున తెలుగులోనే మాటలాడవచ్చును.

విద్యార్థులు ఒక పని చేయవచ్చును. 'పిచ్చి' అను మాటను ఎగతాళికి వాడకుండుట. వసారాలో కూర్చుండిన ఆ యువకుడు బయటకు రాకుండుటకు వ్యాధి ఒక కారణము. వీధిలో వినబడు ఆ మాట మరియొక కారణము. మొదటిదానికి మందు కలదు. రెండవదానికి మందుల దుకాణములో దొరకునది లేదు.

కాప్సి పరిశోధన కనుగొన్న మేలు చిన్నది. అశక్తతలో ఒక్క మెట్టుకు కొంచెము తక్కువ. కాని ఆ ఒక్క మెట్టు ఏమిటో కొలబద్ద తెరచి చూడుడు. ఒకరు చెప్పినగాని స్నానము చేయనివాడు తానై చేయుట కావచ్చును. పని మానినవాడు గంటసేపైనను పొలమున నిలుచుట కావచ్చును. వైద్యుని కాగితములో అది కనబడకపోవచ్చును. తల్లికి కనబడును. వచ్చెడి పరిశోధకులు ఈ మెట్టు రెండవ యేట, ఐదవ యేట కూడ నిలుచునా అని కొలువవలెను. అంతవరకు ఈ ఫలితమును ఉన్నదానికంటె పెంచకుండ, తగ్గించకుండ గ్రహించుటయే శాస్త్రదృష్టి.